‘ఒకే ఒరలో రెండు కత్తులు’: ఇక్కడ ఒర ఏది?

కర్నూలు సభ్యుడు: మా కార్యాలయంలో జీతాల ప్రోగ్రాం పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ 12వ వర్షన్ మీద నడుస్తోంది. కొత్త ప్రోగ్రాంకు 16 కావాలి. రెండూ ఒకే కంప్యూటర్‌లో పెడదామంటే మా పెద్దాయన ‘ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు’ అని కొట్టిపారేశారు. సామెత ఇక్కడ అతుకుతుందా?

అనంతపురం సభ్యుడు: అతుకుతుంది. మీ పెద్దాయన ఒరను తప్పు చోట చూపించారు, అంతే. ఇద్దరు సమఉజ్జీలు ఒకే స్థానానికి పోటీపడినప్పుడు వాడే సామెత ఇది. ఒకే ఇంట్లో రెండు కత్తులు ఉండకూడదని ఎవరూ అనలేదు. ఇక్కడ ఆ స్థానం పోర్టు, అంటే వేరే ప్రోగ్రాంలు డేటాబేస్‌ను చేరుకునే నంబరున్న ద్వారం. మనం చెప్పకపోతే పోస్ట్‌గ్రెస్ 5432ను పట్టుకుంటుంది. రెండోది కూడా అదే అడిగితే పైకి లేవదు. దానికి 5433 ఇవ్వండి, గొడవ లేదు. ఉబుంటు అనే లినక్స్‌లో అయితే తర్వాతి ఖాళీ పోర్టును అదే వెతుక్కుంటుంది. ‘పీజీ_ఎల్ఎస్‌క్లస్టర్స్’ అనే ఆదేశం కొడితే ఏ వర్షన్ ఏ పోర్టులో ఉందో, నడుస్తోందో లేదో, డేటా ఎక్కడుందో వరుసగా కనిపిస్తాయి.

డేటా ఫోల్డరు ఇంకో ఒర. 12 రాసిన ఫోల్డరును 16కు చూపిస్తే తెరవనంటుంది. అందులోని ‘పీజీ_వర్షన్’ అనే చిన్న ఫైలులో 12 అని రాసి ఉంటుంది మరి.

కర్నూలు సభ్యుడు: మెమరీ చాలదని కూడా అన్నారండీ.

అనంతపురం సభ్యుడు: అది ఇరుకు, సామెత చెప్పేది అసాధ్యం. రెంటినీ కలపకండి. షేర్డ్ బఫర్స్, అంటే డేటా కోసం పోస్ట్‌గ్రెస్ పట్టి ఉంచుకునే మెమరీ, మామూలుగా 128 ఎంబీయే కదా, ఈ కాలపు కంప్యూటర్‌కు అదేం బరువు?

కడప సభ్యురాలు: ‘ఇముడవు’ అని కొందరు రాస్తున్నారు. మూలధాతువు ‘ఇముడు’ అయినా వ్యతిరేకార్థంలో నడిమి ఉకారం అకారమవుతుంది: కదులు–కదలదు, తడుపు–తడపదు. కాబట్టి ‘ఇమడవు’ అన్న మీ పెద్దాయన వ్యాకరణం నిక్షేపంగా ఉంది, సలహా సంగతి సరే!

ఇంకొకటి. 12కు సవరణలు రావడం 2024 నవంబరులోనే ఆగిపోయింది, ఎక్కువ రోజులు ఉంచుకోకండి. జీతాల డేటాను తరలించేటప్పుడు డేటాను బయటికి తీసే పీజీ_డంప్ అనే పనిముట్టు ఉంటుంది, 16తో వచ్చినదాన్నే వాడండి. అది 12ను చదవగలదు. 12తో వచ్చిన పీజీ_డంప్ మాత్రం 16 సర్వర్‌ను చూడగానే వర్షన్ కుదరలేదని ఆగిపోతుంది. విండోస్‌లో రెండూ ఉంటే పాత్‌లో, అంటే విండోస్ ప్రోగ్రాంలను వెతికే ఫోల్డర్ల జాబితాలో, ముందున్నదే పలుకుతుంది, ఆ వరుస చూసుకోండి.