పద్యాలు ఒడియా లిపిలో రాసి ఇవ్వవచ్చా?

బరంపురం సమాజం కార్యదర్శి:
మా నాటక సమాజం ఈ శీతాకాలంలో ‘సత్య హరిశ్చంద్ర’ వేయాలని నిశ్చయించింది. మేమంతా ఉద్యోగాలు, వ్యాపారాలు చేసుకునేవాళ్లం. వేషం కట్టినందుకు ఎవరికీ పైసా ముట్టదు. హాలు అద్దె, డ్రెస్సులు, పెయింటు, పరదాలు, మైకు అన్నీ చందాలతోనే గడవాలి. అవి ఎప్పుడూ ఉన్న ఇబ్బందులే, ఎలాగో నెగ్గుకొస్తాం. అసలు చిక్కు వేరే ఉంది.

హరిశ్చంద్రుడికి, విశ్వామిత్రుడికి, నక్షత్రకుడికి మంచి గొంతున్న కుర్రాళ్లు దొరికారు. ముగ్గురూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు కాని తెలుగు అక్షరం చదవలేరు. బడిలో ఒడియా, ఇంగ్లీషు, హిందీ నేర్చుకున్నారు. పద్యాలు ఒడియా లిపిలో రాసి ఇద్దామని కమిటీలో సగం మంది అంటున్నారు. శ్రీకాకుళం వైపు నుంచి పేరున్న నటులను పారితోషికం ఇచ్చి పిలిపిద్దామని మిగిలిన సగం. నేను మొదటి పక్షం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి బరంపురం అందులో చేరాక ఎన్ని తరాలు గడిచాయి! ఇక్కడి పిల్లలకు తెలుగు లిపి అందకపోవడం వాళ్ల తప్పు కాదు. అందుకని వేదిక కూడా అందకుండా చేస్తామా? మీ అభిప్రాయాలు నిర్మొహమాటంగా రాయండి.

విశాఖలో గంజాం వాసి:
అయ్యా, మీ ఆవేదన అర్థమైంది. కాని నేను ఒప్పుకోను. పద్య నాటకానికి ప్రాణం పద్యం. అది చెడితే కిరీటాలు, పరదాలు ఎన్ని ఉన్నా దండగ. కాటి సీనులో పద్యం మొదలుకాగానే పెదవులు కదిపే ముసలివాళ్లు ఇంకా మీ ఊళ్లో ఉన్నారు. వాళ్ల ముందు ‘వారణాసి’ని ‘బారణాసి’ అని పలికితే ఎలా ఉంటుంది? ఒడియాలో వ, బ కలిసిపోతాయి. శ, ష, స మూడూ పలుకులో ఒకటే అవుతాయి. ఆ లిపిలో చదివితే ఆ అలవాటూ వెంట వస్తుంది. అనుభవం ఉన్న నటులను పిలవండి, పిల్లలకు చిన్న వేషాలు ఇవ్వండి. పెద్దలు పాడుతుంటే పక్కన నిలబడి నేర్చుకుంటారు. చూడటానికి వచ్చినవారికి పద్యం శుద్ధంగా వినిపించడం సమాజం బాధ్యత కాదా?

ఇచ్ఛాపురం హార్మనీ మాష్టారు:
ఇద్దరూ ఉచ్చారణ గురించే మాట్లాడుతున్నారు. హార్మనీ పెట్టె ముందు కూర్చున్నవాడిగా ఇంకో సంగతి చెప్పాలి. తెలుగులో ఎ, ఏ వేరు. ఒ, ఓ వేరు. ఒడియా లిపిలో ఈ జంటలకు ఒక్కొక్క అక్షరమే ఉంది. అక్కడే ఛందస్సు దెబ్బతింటుంది. చంపకమాల అనే వృత్తం మూడు లఘువులతో (పొట్టిగా పలికే అక్షరాలతో), అంటే నగణంతో మొదలవుతుంది. ‘తొలుత’ అని ఎత్తుకోవలసిన చోట కుర్రవాడు ‘తోలుత’ అని చదివాడనుకోండి, మొదటి అక్షరం సాగి గురువై, నగణం కాస్తా భగణమైపోతుంది, పద్యం మొదటి అడుగులోనే కుంటుతుంది. మన పద్యానికి తాళం లేదు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ సాగదీయాలో నటుడి ఇష్టం. ఆ స్వేచ్ఛను అదుపులో ఉంచేది గురులఘువులే. అవి పోతే మోహన అయినా సింధుభైరవి అయినా రాగం మాత్రమే మిగులుతుంది, మాట వినిపించదు.

అలాగని ఒడియా లిపి వద్దని నేను అనను. హ్రస్వమైన ఎ, ఒ ఉన్న చోటల్లా అక్షరం కింద ఎర్ర సిరాతో చుక్క పెట్టండి. వ కోసం ఒడియాలో ప్రత్యేక అక్షరం ఉంది, దాన్నే వాడండి. ఇ, ఈ రాతలో వేరైనా ఒడియా పలుకులో ఆ తేడా నిలవదు కనుక దీర్ఘాల కింద గీత గీయండి. అకారం ఒకారం వైపు గుండ్రంగా జారడాన్ని మాత్రం ఏ గుర్తూ ఆపలేదు. దానికి ఎదురుగా కూర్చోబెట్టి చెప్పించడం ఒక్కటే మందు. రాగం తర్వాత సంగతి. ముందు పద్యాన్ని వచనంలా, అర్థం తెలిసేలా చదివించండి. అన్వయం తెలియని నటుడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియక సమాసం మధ్యలో తెగ్గొడతాడు. ఆ తప్పు తెలుగు బాగా చదివినవాళ్లూ చేస్తారు.

ఇంకొక మాట. శ్రుతి విషయంలో పంతం వద్దు. పాత నటులు అంత ఎత్తున పాడారు కదా అని పిల్లల గొంతు చించకండి.

రాయగడ చంద్రమతి:
నేను చంద్రమతి వేషం కట్టేదాన్ని. మా అమ్మమ్మకు ఏ లిపీ రాదు. పద్యాలు మాత్రం డజన్ల కొద్దీ పాడేది, ఒక్క అక్షరం జారేది కాదు. మా వైపు వేషం కట్టినవారిలో ఎందరో చెవితోనే నేర్చుకున్నారు. కాబట్టి కాగితం మీద ఏ లిపి ఉందన్నది నాకు పెద్ద విషయంగా తోచదు.

బయటి నటుల సంగతి చెబుతాను. వాళ్లు నాటకం రోజు సాయంత్రం దిగుతారు, నేరుగా పెయింటుకు కూర్చుంటారు. నాతో ఒక్క రిహార్సలు కూడా ఉండదు. లోహితాస్యుడి శవం ముందు నేను ఏడుస్తూ ఉంటే ఎదుటి హరిశ్చంద్రుడు జనం వైపు తిరిగి రాగం తీస్తూ ఉంటాడు. పద్యం శుద్ధంగానే ఉంటుంది. భార్యాభర్తలు మాత్రం ఎక్కడా కనిపించరు.

విశాఖలో గంజాం వాసి:
అమ్మా, మీరు చెప్పింది నిజమే, ఆ నటులతో నేనూ విసిగాను. కాని మీ అమ్మమ్మగారి చుట్టూ పగలూ రాత్రీ తెలుగే వినిపించేది. ఈ పిల్లల చుట్టూ ఏముంది? అంతగా కావాలంటే ముందు తెలుగు అక్షరాలే నేర్పండి. గొంతు, శ్రద్ధ ఉన్నవాళ్లు కొన్ని వారాల్లో గుణింతం పట్టేస్తారు. ఒడియా ప్రతి చేతికి ఇస్తే ఆ అవసరమే లేకుండా పోతుంది.

పర్లాకిమిడి పాఠకుడు:
గిడుగు రామమూర్తి గారు మా ఊళ్లోనే సవర పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పించారు. పిల్లవాడికి తెలిసిన చోటి నుంచి మొదలుపెట్టడం మనకు కొత్త కాదు. నాటకం మారకూడదనే వారికి ఒక సంగతి: బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసిన హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను రాగానే జాషువా గారి ‘శ్మశానవాటి’ పద్యాలు పాడతారు. అవి ఆ నాటకంలోవి కావు. ఈనాడు అవి లేకపోతే జనం ఊరుకోరు.

బరంపురం సమాజం కార్యదర్శి:
మాష్టారు చెప్పిన చుక్కలు, గీతలు ఈ వారమే మొదలుపెడుతున్నాం. ఒక్కో పద్యాన్నీ ముందు వచనంగా, తర్వాత రాగంతో ఫోనులో రికార్డు చేసి పిల్లలకు పంపుతాం. గంజాం వాసి గారి మాట కూడా వదలం. రిహార్సలుకు ముందు అక్షరాలు నేర్పుతాం, కాని అవి వచ్చేదాకా వేషం ఆపం. పారితోషికం అంటూ ఇస్తే హార్మనిస్టుకే. అది కూడా అన్ని రిహార్సళ్లకూ వచ్చేవారికే.

కాటి సీను ఒక్కటైనా అనుభవజ్ఞుడికి ఇమ్మని కమిటీలో ఇంకా ఒత్తిడి ఉంది. ఇవ్వను. మొదటి మూడు గంటలు నాటకం మోసినవాడి చేతి నుంచి ఆ సీను లాక్కుంటే మళ్లీ ఏ కుర్రవాడూ మా గడప తొక్కడు. గంజాం వాసి గారూ, బరంపురం వచ్చినప్పుడు రిహార్సలుకు రండి. పలుకు తప్పిన చోట అక్కడికక్కడే ఆపండి, ఎవరూ నొచ్చుకోరు.

ఒడియా ప్రతిని సరిచూడటానికి రెండు లిపులూ, ఛందస్సూ వచ్చినవారు ఒకరు కావాలి. ఛత్రపురం, పర్లాకిమిడి వైపు ఎవరైనా ఉంటే ఇక్కడే తెలపండి.