తులిప్‌ను యూరప్‌కు చేర్చినది రాయబారి బుస్బెక్ అన్న మాట నిజమేనా?

కడియం నర్సరీ రైతు:
మొక్కల ప్రయాణాల గురించి మా నర్సరీ రైతుల సమావేశంలో ప్రసంగించవలసి ఉన్నది. ఫ్లాండర్స్‌కు (నేటి బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్‌ల ప్రాంతం) చెందిన ఒజియే గిసెలిన్ ద బుస్బెక్ అనే ప్రభువంశీకుడు తులిప్‌ను టర్కీ నుంచి తెచ్చారని చాలాచోట్ల చదివాను. రాచకార్యం మీద వెళ్ళిన ఉద్యోగికి మొక్కల మీద అంత ధ్యాస ఎలా కలిగింది? తెలిసిన పెద్దలు దయచేసి చెప్పగలరు.

అమలాపురం చరిత్ర ఉపాధ్యాయుడు:
ఆయన 1522లో కొమీన్‌లో, బుస్బెక్ గ్రామ ప్రభువుకు వివాహేతర సంతానంగా జన్మించి, తరువాత చట్టబద్ధమైన గుర్తింపు పొందారు. లూవేన్‌లోనూ ఇటలీలోనూ చదువుకుని, హంగరీ, బొహీమియాల రాజు ఫెర్డినాండ్ కొలువులో చేరారు. 1554లో టర్కీని ఏలుతున్న ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ వద్దకు రాయబారిగా నియమితులైనారు. ట్రాన్సిల్వేనియా (నేటి రుమేనియాలోని ప్రాంతం) విషయంలో ఇరుపక్షాల నడుమ తగాదా ఉన్నది. అంతకుముందున్న రాయబారి మాల్వెజ్జీ ఆ తగాదాలోనే చెర అనుభవించారు. అటువంటి పదవిని స్వీకరించి, సుల్తాన్ రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌లో (నేటి ఇస్తాంబుల్) ఏళ్ళ తరబడి కావలివారి కనుసన్నల్లో ఉంటూ, ఓపికగా సంప్రదింపులు సాగించి, 1562లో ఎనిమిదేళ్ళ సంధి కుదిర్చారు. ఆయన జీవితంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ ఓర్పే. మొక్కల పరిశీలన ఆ నిరీక్షణలో దొరికిన తీరికలో సాగింది.

తులిప్ ప్రస్తావన ఆయన లేఖల్లో ఉన్నమాట నిజమే. అయితే 1559లోనే జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నగరపు తోటలో పూచిన తులిప్‌ను స్విస్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు గెస్నర్ చూశారు కనుక, తొలిసారి తెచ్చినది బుస్బెక్కేనని నిశ్చయించి చెప్పడం సరికాదు.

ద్రాక్షారామం శాసనాభిమాని:
పై వివరాలకు రెండు విషయాలు చేరుస్తాను. 1555లో సుల్తాన్‌ను కలుసుకోవడానికి టర్కీలోని అమాస్యా పట్టణానికి వెళుతూ, దారిలో అంకారాలో, రోమన్ చక్రవర్తి అగస్టస్ తన కార్యాలను చెప్పుకున్న లాటిన్ శాసనాన్ని శిథిలాలయపు గోడలపై చూసి, చదవగలిగినంత మేరకు నకలు తీయించారు. మా భీమేశ్వరాలయపు శాసనాలను అక్షరమక్షరం కూడబలుక్కుని చదివినవారికి ఆ పని విలువ వేరే చెప్పనక్కరలేదు.

రెండవది మీ ప్రసంగానికి నేరుగా పనికివస్తుంది. ప్రాచీన గ్రీకు వైద్యుడు డయోస్కోరిడిస్ ఓషధీ గ్రంథానికి 6వ శతాబ్దిలో రాసిన సచిత్ర ప్రతి ఒకటి బుస్బెక్‌కు కాన్‌స్టాంటినోపుల్‌లో కనిపించింది. యజమాని అడిగిన వంద డ్యూకట్లు (బంగారు నాణేలు) తన శక్తికి మించినవి కావడంతో, దానిని కొనవలసిందని, అప్పటికి చక్రవర్తి అయిన ఫెర్డినాండ్‌ను వేడుకుంటూనే వచ్చారు. 1569లో అది వియన్నాకు చేరింది, నేటికీ అక్కడే ఉన్నది.

కడియం నర్సరీ రైతు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. తులిప్ సంగతిని జనశ్రుతిగా మాత్రమే ప్రస్తావించి, ఓషధీ గ్రంథం కథతోనే ప్రసంగం మొదలుపెడతాను. ఆ ప్రతిలోని మొక్కల్లో మన ప్రాంతంలో పెరిగేవి ఏమైనా ఉంటే తెలుపగలరు.