అప్‌డేట్: కాంపెన్సేటర్ పెట్టిన గ్లాక్‌కి స్ప్రింగ్ కుదిరింది

మొదట అడిగింది ఇదీ: మూడో తరం గ్లాక్ 17 పిస్టల్, స్లైడ్‌కి (కాల్చినప్పుడు వెనక్కి పోయి వచ్చే పైభాగం) బరువు తగ్గేలా కిటికీలు కోయించాను, బ్యారెల్ చివర కాంపెన్సేటర్ (మూతి పైకి ఎగరకుండా ఆపే ముక్క). స్లైడ్‌ని తిరిగి ముందుకి తోసే అసలు స్ప్రింగ్ 17 పౌండ్లు. మ్యాచ్‌కి వాడే తక్కువ పవర్ తూటాలతో ఖాళీ కేసు బయటికి పోకుండా స్లైడ్‌లో నిలువుగా ఇరుక్కుంటోంది. ఎన్ని పౌండ్ల స్ప్రింగ్ వేయాలి?

"స్లైడ్ తేలికైంది కదా, ఇంకా గట్టిది వెయ్" అన్నవాళ్లూ ఉన్నారు. స్లైడ్ వరకే చూస్తే ఆ మాట నిజమే, తేలికైతే వేగంగా వెనక్కి పోతుంది. కానీ కాంపెన్సేటర్ ఉల్టా. అది బ్యారెల్‌కి బరువు పెంచుతుంది, గ్యాస్‌ని పైకి వదిలేస్తుంది, స్లైడ్ నెమ్మదిస్తుంది. నా గన్‌లో దానిదే పైచేయి.

స్టీల్ గైడ్ రాడ్ (స్ప్రింగ్ లోపలుండే కడ్డీ) వేసి 15 పెట్టాను. ఇరుక్కోవడం తగ్గింది, పోలేదు. 13తో పూర్తిగా పోయింది. కేసులు కుడిపక్క ఒకేచోట కుప్పగా పడుతున్నాయి. స్లైడ్ మూసుకునేటప్పుడు మూతి కిందికి వంగడం కూడా ఆగింది, డాట్ (గురి చూసే చుక్క) తిరిగి అక్కడికే వస్తోంది. నాకు అసలు లాభం ఇదే.

11 మాత్రం వద్దు. గన్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, మూతి పైకెత్తి, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని స్లైడ్‌ని మెల్లగా వదిలితే పూర్తిగా మూసుకోలేదు. గ్లాక్‌లో స్ట్రైకర్ (తూటాని పేల్చే సూది) స్ప్రింగ్ దీనికి ఎదురు లాగుతుంది మరి. 13తో టక్కున మూసుకుంది.

ఫుల్ పవర్ తూటాలు కాల్చే రోజు మళ్లీ 15 వేస్తాను, ఫ్రేమ్‌కి దెబ్బలెందుకు.