గంగజాతర కథ: కాలేజీ మ్యాగజైన్‌కి ఇవ్వాలా, వారపత్రికకి పంపాలా?

తిరుచానూరు తుంటరి
తిరుపతిలో బీకాం రెండో సంవత్సరం. మా కాలేజీ మ్యాగజైన్‌కి రచనలు ఇమ్మని నోటీసు పెట్టారు. గంగజాతరలో వేషం కట్టే కుర్రాడి మీద ఒక కథ రాశాను. ఎన్ని పేజీలుంటే వేసుకుంటారు? చేత్తో రాసివ్వాలా, ఫోన్‌లో టైప్ చేస్తే చాలా? ఇదే కథని వారపత్రికకి కూడా పంపొచ్చా?

పాకాల పిల్ల
ఎట్లా ఇచ్చినా ఒకటే. నేను శుభ్రంగా టైప్ చేసి మెయిల్ పెట్టిన కవిత ఒత్తులన్నీ ఎగిరిపోయి అచ్చైంది. పక్కన నా పాస్‌పోర్ట్ ఫోటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

చంద్రగిరి సీనియర్
ఏ వేషం తమ్ముడూ? బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు... ఏ రోజు వేషం ఆ రోజుదే. అది తప్పితే తిరుపతోళ్ళు ఒప్పుకోరు. ఇంకోటి, కథలో బూతులున్నాయా? ఉంటే మ్యాగజైన్ మీద ఆశ వదులుకో. నా జాతర కథలో తిట్లున్న పేరా మొత్తం తీసేసి ‘భక్తులు అమ్మవారిని కీర్తించారు’ అని వేశారు. కింద పేరు మాత్రం నాదే!

రిటైర్డ్ అయివారు
సరిగ్గానే చేశారు. నేను చాలాకాలం సంపాదకవర్గంలో ఉన్నవాణ్ణి. ఆ పుస్తకం ఇంటికి పోతుంది, అమ్మానాన్నలు తిరగేస్తారు. రేపు ఎవరైనా గొడవకొస్తే జవాబు చెప్పుకోవాల్సింది పిల్లవాడు కాదు, మేము. అయినా బూతు లేనిదే సన్నివేశం పండలేదంటే రాసేవాడికి ఇంకా చెయ్యి తిరగలేదన్నమాట.

చంద్రగిరి సీనియర్
సార్, జాతరలో తిట్టేది నోటిదురుసుతో కాదు కదా. ఊరిని పీడించిన పాలెగాడు గంగమ్మకి భయపడి దాక్కున్నాడు. వాడికి రోషమొచ్చి బయటికి రావాలని అమ్మవారు మారువేషాల్లో తిరుగుతూ తిట్టింది. అమ్మ దొర వేషంలో ఉండగా వాడు దొరికాడు, తల తెగింది. ఆ తిట్టు తీసేస్తే వాడు బయటికే రాడు. ఇంక కథేముంది?

రిటైర్డ్ అయివారు
జాతర గురించి నాకా చెబుతున్నావు? గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట పక్క వీధిలో పుట్టినవాణ్ణి. జాతరలో తిట్టొద్దని నేననలేదు, అచ్చులో వద్దన్నాను.

పుత్తూరు పద్మ
నడివీధిలో పసిపిల్లల ముందు తిడితే మొక్కు, పుస్తకంలో ఇరవై ఏళ్ళ పిల్లలు చదివితే తప్పా? మీలాంటి వాళ్ళు కత్తెర పట్టుకొని కూర్చోబట్టే మ్యాగజైన్ నిండా ‘అమ్మ’ కవితలు, ‘కాలం విలువ’ వ్యాసాలు. రాసిన పిల్లలు కూడా రెండోసారి చదవరు.

రిటైర్డ్ అయివారు
అమ్మ మీద కవిత రాస్తే నేరమా? మర్యాదగా మాట్లాడమ్మా. మధురాంతకం రాజారాం గారు ఈ జిల్లావారే, బడిపంతులే. సంస్కారం తప్పకుండా పల్లెబతుకు రాసి 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చుకున్నారు.

చంద్రగిరి సీనియర్
కథలు రాసే నామిని కూడా ఈ జిల్లావాడే సార్. ఊళ్ళో ఎట్లా మాట్లాడతారో అట్లాగే రాశాడు. ఆయన పేరు చెప్పరేం?

రిటైర్డ్ అయివారు
ఆయన కాలేజీ మ్యాగజైన్‌కి రాయలేదు నాయనా, అందుకని.

డీటీపీ అన్న
మీరు మీరు తేల్చుకోండి. ఒత్తులు పోయాయన్న చెల్లెమ్మకి చెబుతున్నా. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7 వచ్చిన 2001 నుంచి నేను ఈ పనిలోనే ఉన్నా, తెలుగు పేజీ గురించి నాకు చెప్పేవాడు లేడు. ఫోన్‌లో మీరు కొట్టేది యూనికోడ్. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలుగు తెలీదు. అందుకే దాన్ని పాత పద్ధతి అను ఫాంట్లలోకి మార్చుకుంటాం. మార్చేటప్పుడు కొన్ని ఒత్తులు జారిపోతాయి. ప్రూఫ్ చూస్తే దొరుకుతాయి. ఆ ప్రూఫ్ ఎవరు చూస్తున్నారు? పీడీఎఫ్ వాట్సాప్‌లో పెడితే ‘ఓకే’ అని బొటనవేలు బొమ్మ వస్తుంది, అంతే.

పాకాల పిల్ల
అన్నా, ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ నేరుగా పడుతుంది కదా? ఇంకా పేజ్‌మేకర్ ఎందుకు?

డీటీపీ అన్న
పడుతుంది, అందులో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టుకుంటే. అది పెట్టకపోతే అక్కడా ఒత్తులు విడిపోతాయి. కాలేజీ వాళ్ళిచ్చే పేజీ రేటుకి కొత్తది నేర్చుకోమంటే ఎవరు నేర్చుకుంటారమ్మా? తుంటరి తమ్ముడూ, నువ్వు టైప్ చేసినా సరే, పక్కన ఒక చేతిరాత కాపీ కూడా ఇవ్వు. ప్రూఫ్ నీకే చూపించమని అడుగు, సిగ్గుపడొద్దు. ఎ4లో నాలుగు పేజీలు దాటితే మాత్రం కోత తప్పదు. మేము ఫారాల లెక్కన అచ్చేస్తాం, పదహారు పేజీలు ఒక ఫారం. చివర్లో పేజీలు మిగలకపోతే ముందు పోయేది కథే. ప్రిన్సిపాల్ సందేశం పోదు.

పుత్తూరు పద్మ
సందేశాలే ఒక ఫారం ఉంటాయి!

కుప్పం కథకుడు
రెండు చోట్లా పంపడం గురించి ఎవరూ మాట్లాడరేం? వారపత్రికలు కథతోపాటు హామీపత్రం అడుగుతాయి. ఇది నా సొంతం, అనువాదం కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, వేరేచోట పరిశీలనలో లేదు అని సంతకం పెట్టాలి. మ్యాగజైన్‌లో వచ్చిందంటే అచ్చైనట్టే. కాబట్టి ముందు వారపత్రికకి పంపి, జవాబు వచ్చేదాకా ఆగు.

చంద్రగిరి సీనియర్
కాలేజీ మ్యాగజైన్ ఎవరు చూస్తారు బ్రదర్? అది కూడా ప్రచురణేనా?

కుప్పం కథకుడు
ఎవరూ చూడరనేగా ఇందాక అయివారితో అంత పోట్లాడావు?

రిటైర్డ్ అయివారు
బాగా అడిగావు నాయనా.

తిరుచానూరు తుంటరి
థ్యాంక్స్ అన్నా. కథ వారపత్రికకే పంపిస్తా, తిట్లతో సహా. మ్యాగజైన్‌కి ఏదో ఒక కవిత ఇస్తా. అమ్మ మీద మాత్రం కాదు.

కాళహస్తి కుమార్
మధ్యలో వచ్చానని ఏమీ అనుకోకండి. మా దగ్గర మూడేళ్ళూ మ్యాగజైన్ ఫీజు కట్టించుకున్నారు. ఒక్క సంచికా చేతికి రాలేదు. డిగ్రీ కూడా అయిపోయింది. ఎవరిని అడగాలి?

డీటీపీ అన్న
కాలేజీల నాణ్యత తనిఖీ చేసే న్యాక్ వాళ్ళు వచ్చే ముందు అన్ని సంవత్సరాలవీ కలిపి ఒకేసారి వేయించే కాలేజీలు ఉన్నాయి తమ్ముడూ. అట్లాంటి పని నేనే చేసిచ్చాను. ముందు లైబ్రరీలో అడుగు. అక్కడ లేకపోతే ఆఫీసు బీరువాలో కట్టలుంటాయి. టీసీకి పోయినప్పుడు ఫీజు రసీదు పట్టుకుపో, ఉత్త చేతుల్తో పోతే ఇవ్వరు.