రాజ్‌దూత్ 350 కొనే ముందు ఏమి చూడాలి?

ప్రశ్న: 1980లలో యమహా ఆర్‌డీ350 ఆధారంగా ఎస్కార్ట్స్ తయారుచేసిన రాజ్‌దూత్ 350 ఒకటి అమ్మకానికి వచ్చింది. చిన్ననాటి నుంచి కోరుకున్న బండి ఇది. కొనే ముందు ఏమి పరీక్షించాలి, కొన్నాక మొదట ఏది మార్చాలి?

జవాబు 1: ఆర్‌సీలోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండి మీద చెక్కినవాటితో సరిపోలితేనే అడ్వాన్సు ఇవ్వండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కిక్ కొట్టి చూడండి. వేడెక్కాక కూడా తెల్లటి పొగ దట్టంగా వస్తూ, గేర్‌బాక్స్ ఆయిల్ తరుగుతూ ఉంటే, చాలావరకు క్లచ్ వైపు క్రాంక్ సీల్ (గేర్‌బాక్స్ ఆయిల్ ఇంజిన్‌లోకి చొరబడకుండా ఆపే రబ్బరు రింగు) అరిగిపోయినట్లే.

జవాబు 2: 347 సీసీ, రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజిన్ అందించే వేగానికి, మన దేశంలో ముందు చక్రానికి బిగించిన డ్రమ్ బ్రేకు చాలదండీ, అందుకే నేను సైలెన్సర్ల జోలికి వెళ్లకముందే డిస్క్ వేయించుకున్నాను.

జవాబు 3: రెండు కార్బురేటర్ల స్లైడ్‌లు (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచి గాలికి దారి ఇచ్చే భాగాలు) ఒకేసారి లేచేలా కేబుళ్లు సరిచేయించండి. ఒకటి వెంట్రుకవాసి వెనకబడినా ఇంజిన్ వణుకుతుంది.