అంబాసిడర్, పద్మినీలకు ఎల్ఈడీ హెడ్‌లైట్లు: భాకరాపేట ఘాట్లో రాత్రిపూట ఏది పనికొస్తాది?

మార్క్3_తిరుపతి:
అన్నలారా, అంబాసిడర్ మార్క్ 3, డైనమో బండి. 7 అంగుళాల గుండ్రటి లైట్లు, లోపల పాత పీ45టీ బేసు బల్బులు, హైబీము 45, డిప్పు 40 వాట్లు. భాకరాపేట ఘాట్లో మలుపు తిరిగేటప్పుడు రోడ్డంచు కనపడదు. ఎల్ఈడీ వెయ్యాలని ఉంది. ఏ బల్బు తీసుకోవాల, వైరింగు మార్చాల్నా, డైనమో తట్టుకుంటాదా, ఖర్చెంత?

రేణిగుంట_ఆటోఎలక్ట్రిక్:
బల్బు సంగతి తర్వాత. ముందు మల్టీమీటరు తీసుకో. ఇంజను తిరగతా ఉండగా లైట్లు వేసి, బ్యాటరీ మీద ఎంతుందో, బల్బు హోల్డరు పిన్నుల దగ్గర ఎంతుందో చూడు. తేడా అర వోల్టు దాటితే తప్పు వైరింగుది. ఫిలమెంటు బల్బుకు వోల్టేజి నూటికి 10 తగ్గితే వెలుతురు నూటికి 30 దాకా పడిపోతాది. నీ బండిలో ఆ వోల్టేజి పోయేది ఎక్కువగా కాలికింది డిప్పు స్విచ్చిలోనే. చెప్పుల తడి లోపలికి దిగి రాగి కాంటాక్టుల మీద పచ్చగా చిలుము పట్టుంటాది. విప్పి, సన్న ఎమరీ కాగితంతో రాగి ఎర్రగా తేలేదాకా రుద్దు.

తర్వాత రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చిలు), 30 ఆంపులవి. డిప్పుకొకటి, హైబీముకొకటి. రిలే మీద 30 అని రాసున్న పిన్నుకు బ్యాటరీ నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీకి జానెడు దూరంలోపల 15 ఆంపుల ఫ్యూజు. 86కి పాత హెడ్‌లైటు వైరు, 85కి ఎర్తు, 87 నుంచి బల్బులకు. బల్బు ఎర్తు మడ్‌గార్డు రేకుకు బిగించొద్దు, బ్యాటరీ ఎర్తు బోల్టుదాకా లాగు.

పద్మిని_చిత్తూరు:
పీ45టీ బేసుకు వచ్చే ఎల్ఈడీ జోలికే పోవద్దు. 7 అంగుళాల హెచ్4 సెమీ సీల్డ్ యూనిట్ (గాజు, రిఫ్లెక్టరు ఒకటిగా అతికి, హెచ్4 రకం బల్బు మాత్రం మార్చుకునే లైటు) కొనుక్కో, అదే రింగులో కూర్చుంటాది. హెచ్4 బల్బులో డిప్పు ఫిలమెంటు కింద చిన్న గిన్నె ఉంటాది. దానివల్ల వెలుతురు రిఫ్లెక్టరు పైసగానికే తగిలి రోడ్డు మీదికి దిగతాది. ఎల్ఈడీలో చిప్పు సరిగ్గా ఆ ఫిలమెంటు ఉండే చోటే ఉండాల, చిప్పులు అంటించిన పట్టీ పలచగా ఉండాల. పట్టీ మందమైతే ఫోకసు చెదిరి ఎదురొచ్చే వాడి కళ్ళల్లో పడతాది. చిప్పులు అటూ ఇటూ పక్కలకు చూసేట్టు బిగించాల, పైకీ కిందికీ కాదు. బల్బు మెడకుండే కాలర్ తిప్పి సరిచేసుకునే రకమే తీసుకో.

ఘాట్_800:
ఇంత రామాయణం ఎందుకన్నా? ఎల్ఈడీ జత కలిపి 50 వాట్లు, 4 ఆంపులే. రిలే దండగ. లోపల డ్రైవరు (ఎల్ఈడీకి కరెంటు సరిచేసి ఇచ్చే సర్క్యూటు) ఉంది, 9 వోల్టులకు దిగినా వెలుతురు తగ్గదు. 6500 కెల్విన్ (వెలుతురు రంగు కొలత) తెలుపు వెయ్యి, కొండంతా కనపడతాది.

రేణిగుంట_ఆటోఎలక్ట్రిక్:
వెలుతురు తగ్గదు, నిజమే. ఎట్ల తగ్గదో తెలుసా? వోల్టేజి పడేకొద్దీ ఆ డ్రైవరు ఆంపులు ఎక్కువ లాగతాది. అరిగిన కాంటాక్టు ఇంకా వేడెక్కతాది. ఎర్తు సరిగా లేకుంటే డిప్పు, హైబీము రెండూ సగంసగం వెలిగి మిణుకుమిణుకుమంటాయి. 30 ఏళ్ళుగా ఇదే పని చేస్తుండా, రిలే దండగ అని కొత్తవాళ్ళకు చెప్పొద్దు.

ఘాట్_800:
అనుభవం సంగతి సరే, లెక్క చెప్పండి సార్. 4 ఆంపులు మోయలేని స్విచ్చి 7 ఆంపుల పాత బల్బుల్ని ఇన్నేళ్ళు ఎట్ల మోసింది?

రేణిగుంట_ఆటోఎలక్ట్రిక్:
మొయ్యలేదు కాబట్టే రోడ్డంచు కనపడటం లేదని ఆయన అడిగినాడు! మళ్ళీ మొదటి పోస్టు చదువు.

పీలేరు_అంబి:
ఇద్దరూ ఒక సంగతి వదిలేసినారు. బాగా పాత అంబాసిడర్లలో పాజిటివ్ ఎర్తువి ఉంటాయి. బ్యాటరీ ఏ కొన బాడీకి బిగించుందో చూడకుండా ఎల్ఈడీ పెడితే వెలగదు, రక్షణ లేని డ్రైవరైతే కాలిపోతాది.

ఇంక ఆ 6500 మాట. వానలో తడిసిన తారు రోడ్డు మీద ఆ తెలుపు వేస్తే రోడ్డే మింగేసినట్టుంటాది. 4300 దాటొద్దు.

పద్మిని_చిత్తూరు:
మొగిలి ఘాట్లో మంచు పడితే 3000 పసుపే.

పీలేరు_అంబి:
పసుపు మంచును చీల్చుకుని పోదు, ఆ అపోహ వదిలెయ్యండి. మంచు బొట్లు ఏ రంగునైనా దాదాపు ఒకేలా వెనక్కి కొడతాయి. నీలం తక్కువ కాబట్టి కంటికి మిరుమిట్లు తగ్గుతాయి, అంతే. మంచులో కావలసింది కిందికి దిగిన డిప్పు.

పద్మిని_చిత్తూరు:
కంటికి హాయిగా ఉంటే నడిపేవాడికి అదే కదన్నా కావలసింది? అపోహ అని కొట్టిపారేస్తే ఎట్ల?

రేడియో_చంద్రగిరి:
చవక ఎల్ఈడీ డ్రైవర్లతో మీడియం వేవ్ రేడియో పాడవుతాది. లైటు వెయ్యగానే కడప స్టేషను మీద గుయ్యిమని మోత. డ్రైవరు వైరుకు ఫెరైట్ రింగు (రేడియో మోతను అణిచే నల్ల ఉంగరం) వేసి మూడు చుట్లు తిప్పితే చాలావరకు తగ్గతాది.

మార్క్3_తిరుపతి:
డైనమో సంగతి ఎవరూ చెప్పలేదు.

రేణిగుంట_ఆటోఎలక్ట్రిక్:
లూకాస్ సీ40 అయితే గరిష్ఠం 22 ఆంపులు, అదీ ఇంజను వేగంగా తిరిగితేనే. ఐడిలింగులో దాదాపు సున్నా, భారమంతా బ్యాటరీదే. హెచ్4 60/55 జత డిప్పులో 9 ఆంపులు లాగతాది, ఎల్ఈడీ 4. ఇందులో ఎల్ఈడీదే గెలుపు, ఒప్పుకుంటా. కానీ కటౌటు డబ్బాలో డైనమో వోల్టేజిని అదుపు చేసే రెగ్యులేటరు చూసుకో. దాని కాంటాక్టులు అతుక్కుంటే 16 వోల్టులు దాటతాది, ఎల్ఈడీ డ్రైవరు చచ్చిపోతాది.

100/90 బల్బులు మాత్రం వెయ్యొద్దు. హోల్డరు ప్లాస్టిక్ కరుగుతాది.

పీలేరు_అంబి:
వెనక ఫ్యాను ఉన్న ఎల్ఈడీ అంబాసిడర్ హెడ్‌లైటు గిన్నెలో ఊపిరాడక వేడెక్కి మసకబారతాది. కొనేముందు గిన్నె లోతు కొలువు. లైటు వెనక రబ్బరు టోపీకి కన్నం పెడితే వాననీళ్ళు పోయి రిఫ్లెక్టరు పూత పోతాది. పూత పోయినాక పాలిష్ రుద్దినా లాభం లేదు, ఉన్నదీ ఊడుతాది.

ఇంకొకటి, చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది, కంపెనీ ఇచ్చింది మారిస్తే ఎఫ్‌సీలో అడగొచ్చు. తీసిన బల్బులు పారెయ్యొద్దు.

ఘాట్_800:
సరే, రిలే వెయ్యమనండి. కానీ ఫోకసు పెట్టకుండా ఏది వేసినా పాపమే. గోడకు 10 మీటర్ల దూరంలో, సమనేల మీద, టైర్లలో గాలి సరిగా పెట్టి, డ్రైవరు సీట్లో మనిషిని కూచోబెట్టి, లైటు నడిమధ్య ఎత్తును గోడ మీద గీత గియ్యి. డిప్పు పైఅంచు ఆ గీతకు 10 సెంటీమీటర్లు కిందుండాల. ఎడమపక్క మాత్రం కొంచెం పైకి లేస్తాది, రోడ్డంచు చూపించేది అదే. బండ్లు కుడిపక్కన నడిచే విదేశీ రోడ్ల గాజు కొంటే కుడిపక్కకు లేచి ఎదుటివాణ్ణి గుడ్డివాణ్ణి చేస్తాది, గాజు మీద బాణం గుర్తు చూసి కొను.

రేణిగుంట_ఆటోఎలక్ట్రిక్:
ఇది సరిగ్గా చెప్పినావు. తమ్ముడూ మార్క్3, రింగు పైస్క్రూ ఎత్తుకు, పక్కస్క్రూ అడ్డానికి. తుప్పు పట్టుంటే ముందురోజు రాత్రే నూనె పోసి పెట్టు, బలవంతంగా తిప్పితే తల విరిగిపోతాది.

మార్క్3_తిరుపతి:
ఇప్పుడే కొలిచినా. బ్యాటరీ మీద 13.1, హోల్డరు దగ్గర 11.2. డిప్పు స్విచ్చి విప్పుతున్నా. ఎల్ఈడీ తర్వాత చూస్తా.