ఆల్బమ్ సెలెక్షన్ ఇవ్వరు, బ్యాలెన్స్ ఇవ్వరు: మీరంతా ఎట్ల నెట్టుకొస్తున్నారు?

బురుజుకాడి కెమెరా (కర్నూలు)

అందరికీ నమస్తే. పదకొండేళ్లుగా కర్నూలులో పెళ్లిళ్లు తీస్తున్నాను. ఆషాఢం కదా, పని లేక పాత లెక్కల పుస్తకం తెరిచాను. "ఆల్బమ్ పెండింగ్" అని రాసుకున్నవి తొమ్మిది తేలాయి. అన్నీ కలిపితే రావాల్సింది మూడు లక్షల పైచిలుకు.

వీళ్లెవరూ ఎగ్గొట్టే రకం కాదు, అదే నా బాధ. ఎగ్గొట్టేవాడైతే వాకిట్లో కూర్చుని అడగొచ్చు. వీళ్లు ఫోన్ ఎత్తి, టీ తాగి పొమ్మని, "ఇంకా ఫోటోలు ఎంచలేదప్పా, ఎంచినాక పిలుస్తాం" అంటారు. ఆదోని దగ్గర ఒక పెళ్లికి పద్నాలుగు నెలలు నిండాయి. వాళ్లకు పాప కూడా పుట్టింది. పేరు పెట్టే రోజు నన్నే పిలిచారు, పోయి తీశాను, ఆ డబ్బు అప్పుడే చేతిలో పెట్టారు. పెళ్లి బ్యాలెన్స్ 45 వేలు మాత్రం అట్లే ఉంది. "ఆల్బమ్ ఇయ్యి, ఇస్తాం" అంటారు. ఆల్బమ్ చేద్దామంటే సెలెక్షన్ ఇవ్వరు.

నేను బుకింగ్‌కి 20 శాతం, పెళ్లిరోజు 40, ఆల్బమ్ చేతికిచ్చాక 40 తీసుకుంటాను. ముందు వచ్చిన 60 క్యాండిడ్ (పోజు లేని ఫోటోలు) తీసే పిల్లోడికి, డ్రోన్ వాడికి, వీడియో ఎడిటింగ్‌కి సరిపోతుంది. చివరి 40లోనే ప్రింటింగ్ పోను నా ఇల్లు నడవాలి. కెమెరా ఈఎంఐకి ఆషాఢం లేదు, మూఢం లేదు. మీరు ఏం చేస్తున్నారో చెప్పండి.

అనంత ఎడిటర్ (అనంతపురం)

అన్నా, నేను ఆల్బమ్ డిజైనింగ్ మాత్రమే చేస్తాను, షీట్ లెక్కన. మీ దగ్గర ఆగింది కాబట్టే నా దగ్గరా ఆగింది. నా సిస్టంలో ఒకే పెళ్లికి "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ మేనమామ కరెక్షన్" అని మూడు ఫోల్డర్లు ఉన్నాయి. మూడూ ప్రింటుకు పోలేదు.

కొంచెం ఘాటుగా చెప్తా, ఏమనుకోవద్దు. తప్పు మనది. 12 బై 36 అంగుళాల షీట్లు నలభై వేస్తే మహా అయితే 250 ఫోటోలు పడతాయి. మనం ఇచ్చేది నాలుగు వేలు. ఫిల్మ్ రీలు కాలంలో రోలుకు 36 ఫోటోలు, పెళ్లికి ఎనిమిదో పదో రోళ్లు. తీసినవన్నీ కడిగి ఆల్బంలో పెట్టేవాళ్లు. సెలెక్షన్ అనే మాటే లేదు.

నా సలహా: ఆరు నెలల్లో సెలెక్షన్ ఇవ్వకపోతే డేటా డిలీట్ చేస్తామని మెసేజ్ పెట్టండి. పరుగెత్తుకొస్తారు.

పాత నెగెటివ్ (కర్నూలు)

ఆ డిలీట్ మాట మాత్రం నోట్లోంచి రానీయొద్దు నాయనా. ఎందుకో చెప్తా.

2009 అక్టోబర్ 2. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీదికి వచ్చినాయి. మా స్టూడియో పాత ఊర్లో, కింది అంతస్తు. మేం మిద్దె మీద బతికినాం, కింద బీరువాలో ఉన్న నెగెటివ్‌లు నీళ్లలో ఉన్నాయి. నీళ్లు తీసినాక తలుపు తోస్తే రాలేదు, లోపల మోకాటెత్తు బురద. మొదటి రోజు తెలివిలేక కవర్లతో సహా ఎండలో పెట్టినా. సాయంత్రానికి ఒకదానికొకటి అంటుకొని అప్పడాల కట్టలు అయినాయి, గోటితో లాగితే బొమ్మ పొర ఊడొచ్చింది. అప్పుడు డార్క్‌రూమ్ బుద్ధి పనిచేసింది. మిగతావి ఆరనీయకుండా బకెట్లో నీళ్లు పోసి తడిగానే ఉంచినా. ఒక్కో పట్టీ నీళ్లలోనే మెల్లగా విడదీసి, మంచినీళ్లలో కడిగి, మిద్దె మీద దండెం కట్టి బట్టల క్లిప్పులతో వేలాడదీసినా. మా ఆవిడ, నేను, పక్కింటి పిల్లోడు. వీధిలో జనం చీరలు ఆరేసుకుంటుంటే మేం పెళ్లిళ్లు ఆరేసుకున్నాం.

ఆ తర్వాత ఆరు నెలలు కొత్త పెళ్లిళ్ల కంటే పాత పెళ్లిళ్లే ఎక్కువ కడిగించినా. ఆల్బం కొట్టుకుపోయినోళ్లంతా వచ్చినారు. వాళ్లలో నాకు ఎనభైల్లో బాకీ పెట్టినోళ్లు కూడా ఉన్నారు. కాగితం ఖర్చు తీసుకుని ఇచ్చినా. బాకీ వేరు, బొమ్మ వేరు. బాకీ గట్టిగా అడుగు, బొమ్మను అడ్డం పెట్టుకోవద్దు.

అనంత ఎడిటర్ (అనంతపురం)

సరే పెద్దాయనా, వెనక్కి తీసుకుంటున్నా. కానీ హార్డ్‌డిస్కులు ఊరికే రావు కదా. వీడియోతో కలిపి ఒక్కో పెళ్లి రెండు మూడు వందల జీబీ తింటోంది.

పాత నెగెటివ్ (కర్నూలు)

ఎన్నాళ్లు దాస్తావో బుకింగ్ కాగితంలోనే రాసుకో. రెండేళ్లు అంటే రెండేళ్లు. కాపీలు రెండు ఉండాల, రెండూ ఒకే చోట ఉండకూడదు. కర్నూల్లో అయితే కింది అంతస్తులో అసలే వద్దు.

ఆల్బమ్ తీసుకోనోడు (నంద్యాల)

నేను ఫోటోగ్రాఫర్‌ని కాదు. మీరు తిట్టుకుంటున్న ఆ కస్టమర్‌ని నేనే అనుకోండి. పెళ్లయి రెండేళ్లు దాటింది, ఆల్బమ్ ఇంకా తీసుకోలేదు. మా వైపు కథ వినండి.

ఒక పెన్‌డ్రైవ్, అందులో 4,600 ఫోటోలు, పేర్లన్నీ నంబర్లే. ఇంట్లో కంప్యూటర్ లేదు, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ పనిచేయదు. ఎవరిదో ల్యాప్‌టాప్ తెచ్చి నేనూ మా ఆవిడా ఒక ఆదివారం కూర్చున్నాం. తలంబ్రాలకే 310 ఉన్నాయి. ఏది బాగుందో నాకైతే తేడా తెలియలేదు. ఆమె 900 ఎంచింది. 250 దాటితే షీట్‌కి ఇంత అదనం అన్నారు. తగ్గిద్దామంటే మా అమ్మ చూసి "మన వైపువి అరవై కూడా లేవు" అంది. అత్తగారింటికి పంపితే అక్కడ ఇంకో లిస్టు తయారైంది. రెండు లిస్టులు ఒకచోట పెట్టిన రోజు జరిగింది ఇక్కడ రాయలేను. ఆ రోజుతో పెన్‌డ్రైవ్ బీరువా ఎక్కింది.

డబ్బు లేక కాదు. ఫోటోగ్రాఫర్ ఫోన్ చేస్తే, పరీక్షకు చదవని పిల్లాడిలా ఉంటుంది, ఎత్తలేను. మొదట్లో నెలకోసారి చేసేవాడు. ఇప్పుడు ఉగాదికి, దసరాకి శుభాకాంక్షలు మాత్రం పెడతాడు. అతనే 250 ఎంచి ముందు పెట్టి ఉంటే, కళ్లు మూసుకుని సరే అనేవాళ్లం.

బురుజుకాడి కెమెరా (కర్నూలు)

నంద్యాల అన్నా, మీ మెసేజ్ రెండుసార్లు చదివాను. నేనూ నంబర్ల పెన్‌డ్రైవే ఇస్తాను. కానీ నేనే ఎంచితే, ఎవరి పెద్దమ్మో మిస్సయితే మాట నాకొస్తుంది కదా? ఆ పెద్దమ్మ కూతురి పెళ్లి కూడా పోతుంది.

కడప అక్క (కడప)

తమ్ముడూ, మాట రానీ. వచ్చినాక కరెక్షన్ చేసుకుందాం. ముందు వాళ్ల చేతికి ఏదో ఒకటి పోవాలి.

నేను ఎక్కువగా ముస్లింల పెళ్లిళ్లు తీస్తాను. నిఖా, వలీమా విందు రెండిట్లోనూ ఆడవాళ్ల వైపు మగ ఫోటోగ్రాఫర్‌ను రానీయని ఇళ్లు మా కడపలో చాలా ఉన్నాయి. అట్ల పని పెరిగింది. వాళ్ల మొదటి షరతు, ఫోటోలు గడప దాటకూడదు. ఆన్‌లైన్ గ్యాలరీ కుదరదు, పెన్‌డ్రైవ్ ఇంకొకరి చేతికి ఇవ్వరు. అందుకని నేనే ల్యాప్‌టాప్ పట్టుకుని వాళ్లింటికి పోవడం మొదలుపెట్టాను. చూస్తే అదే మంచిదైంది. ఇప్పుడు హిందువుల పెళ్లిళ్లకూ అదే పద్ధతి.

పెళ్లయిన మూడు వారాల్లోపు పోవాలి. కొత్త చీర మడత విప్పకముందే అన్నట్టు, ఆ వేడి తగ్గకముందే. నాలుగు వేలలోంచి నేను ముందే 400కి దింపుకుని పోతాను. ఇంట్లో అమ్మ, అత్త ఇద్దరూ గదిలో ఉండాలని ముందే చెప్తాను, ఒకరు లేకపోతే ఆ రోజు పోను. మొదట గ్రూపు ఫోటోలే తెరుస్తాను. ఎవరి అక్కచెల్లెళ్లు తగ్గారో అక్కడే బయటపడుతుంది, ఆ గొడవ మొదటి అరగంటలోనే అయిపోతుంది. తర్వాత జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు. ఒక్కో ఫోటోకి "ఉంచుదామా, తీసేద్దామా" అని మాత్రమే అడుగుతాను. "ఎట్లుంది?" అని అడిగితే తెల్లారిపోతుంది. ఉగ్గాని బజ్జీ తినే లోపల 150 అయిపోయిన రోజులున్నాయి. మొత్తం మూడు గంటలు. పెట్రోలు ఖర్చు పోతుంది, పద్నాలుగు నెలలు మిగులుతాయి.

డబ్బు సంగతి. పెళ్లిలో నాన్నగారిని అడగొద్దు. ఆయనకు ఆ రోజు ఏదీ గుర్తుండదు, అడిగితే అశుభంలా చూస్తాడు. చదివింపుల బల్ల దగ్గర నోట్‌బుక్ పక్కన బ్యాగు పెట్టుకుని ఒక చిన్నాయనో మేనమామో ఉంటాడు చూడు, ఖర్చులన్నీ ఆయన చేతి మీదే. ముందు రోజు రిసెప్షన్ దగ్గరే ఆయన్ని పరిచయం చేసుకో. వంటవాళ్లకి, మేళానికి ఇచ్చేటప్పుడే మనకీ ఇప్పిస్తాడు.

వకీలు తమ్ముడు (ప్రొద్దుటూరు)

నేనూ ఫోటోగ్రాఫర్‌నే, మా అన్న వకీలు. ఆయన్ని అడిగి రాస్తున్నా. మామూలుగా బాకీకి మూడేళ్లలోపు దావా వేయాలి. కానీ మీ కాగితంలో "ఆల్బమ్ ఇచ్చాక 40 శాతం" అని ఉంటే, ఆల్బమ్ ఇవ్వలేదు కాబట్టి ఇంకా ఇవ్వాల్సిన పనిలేదని వాళ్లు అనొచ్చు. తీసినదానికి డబ్బు వేరు, ఆల్బమ్‌కి డబ్బు వేరు అని కాగితంలోనే విడగొట్టుకోండి. 45 వేలకు కోర్టుకు ఎవరూ పోరు, అది వేరే విషయం.

ఇంకోటి చాలామందికి తెలియదు. డబ్బు ఇచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. కాపీరైట్ చట్టం 1957, 17వ సెక్షన్. నేను తీశాను కాబట్టి ఇన్‌స్టాలో పెట్టుకుంటా అంటే చెల్లదు. పెట్టుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు బుకింగ్ కాగితంలో ఒక లైన్ రాయించుకుని సంతకం తీసుకోండి. ఒక పెళ్లికూతురు వాళ్ల అన్న ఫోన్ చేసి అరిచిన రోజు నాకు ఇది తెలిసింది.

పాత నెగెటివ్ (కర్నూలు)

కడప అమ్మాయి గ్రూపు ఫోటోల మాట ఎత్తింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఇప్పటి పిల్లోళ్లు గ్రూపు కూడా 1.8లో, అంటే లెన్స్ కన్ను బాగా తెరిచి, వెనకదంతా మసకబారేట్టు తీస్తారు. పెళ్లికొడుకు రెప్పలు లెక్కపెట్టొచ్చు, వెనక వరసలో జేజి మాత్రం పొగమంచు.

మొన్న ఒకాయన వాళ్ల నాయన ఆధార్ కార్డు తెచ్చి, దండ వేయడానికి పెద్దది చేయమన్నాడు. అందులో ముఖం గోరంత, అదీ నల్లగా. ఇంట్లో ఇంకేం లేవా అంటే చెల్లెలి పెళ్లి ఆల్బం పట్టుకొచ్చినాడు, నేను 1996లో తీసిందే. రెండో వరసలో ఎడమ నుంచి మూడో ఆయన, తలపాగాతో. ఎఫ్11లో, లెన్స్ కన్ను చిన్నది చేసి, ఫ్లాష్ కొట్టి తీసినా, మీసం వెంట్రుకలు కూడా తెలుస్తున్నాయి. నెగెటివ్ స్కాన్ చేసి 12 బై 15 ఇచ్చినా. పల్లెల్లో చాలామందికి జన్మలో మంచి ఫోటో దిగేది ఎవరిదో ఒకరి పెళ్లిలోనే.

అనంత ఎడిటర్ (అనంతపురం)

నా దగ్గరికి వచ్చే క్యాండిడ్ ఫోల్డర్లన్నీ ఆ పొగమంచే. షార్ప్ చేయమంటారు, ఎక్కణ్నుంచి తేవాలి?

కడప అక్క (కడప)

వేదిక మీద గ్రూపులు ఎఫ్8, ఫ్లాష్‌తో. అవి అయినాకే 1.8 లెన్స్ బయటికి తీస్తాను. ఇందులో వాదన ఏముంది.

బురుజుకాడి కెమెరా (కర్నూలు)

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. అక్క చెప్పినట్టు ఆదోని ఇంటికి పోయాను. పద్నాలుగు నెలల వేడి కదా, చల్లారిపోయి ఉంటుందని భయపడ్డాను, కానీ పాపను ఒళ్లో పెట్టుకుని అందరూ కూర్చున్నారు. గ్రూపు ఫోటోలు తెరవగానే నిజంగానే గొడవ వచ్చింది. పెళ్లికొడుకు మేనత్త ఒక్క ఫోటోలోనే ఉంది, అందులోనూ కళ్లు మూసుకుంది. మిగతా నాలుగు వేలలో వెతికితే భోజనాల దగ్గర ఒకటి దొరికింది, అందరూ శాంతించారు. మూడు గంటల్లో అనుకున్నది నాలుగున్నర పట్టింది.

ఆ పెళ్లిలో నాకు బాగా నచ్చిన ఫోటో ఒకటుంది. తెల్లవారుజాము ముహూర్తం. పెళ్లికూతురి తమ్ముడు పందిట్లో అరిటాకుల కట్ట మీద తల పెట్టి నిద్రపోతున్నాడు, చేతిలో బాసికాలు అట్లే ఉన్నాయి. వెనక పెళ్లి జరిగిపోతోంది. 400లో దాన్ని నేనే చేర్చాను. "వీడు నిద్రపోతుంటే ఎందుకు, తీసెయ్" అన్నారు అమ్మ. తీసేశాను. బయల్దేరేటప్పుడు పెళ్లికూతురు మాత్రం "అది నా ఫోన్‌కి పంపన్నా" అంది.

ఆ ఇంటి పెద్దాయన అక్కడే 25 వేలు ఫోన్‌లో కొట్టారు. మిగతా 20 ఆల్బమ్ ఇచ్చినప్పుడు. డిజైన్ అనంతపురం పంపాను, ఎడిటర్ అన్నా, దయచేసి ఫోల్డర్ ఒక్కటే పెట్టు.

కొత్త బుకింగులకి 25, 60, 15 అని మార్చాను, ఆల్బమ్‌కి చివరి 15 మాత్రమే. శ్రావణంలో ఇద్దరికి చెప్పాను. ఒకరు ఒప్పుకున్నారు, ఇంకొకరు వేరే స్టూడియోకి పోయారు. మిగతా ఎనిమిది ఇళ్లలో రెండింటికి ఫోన్ చేశాను, వచ్చే ఆదివారం ఒకటి.

ఆల్బమ్ తీసుకోనోడు (నంద్యాల)

ఇది మొత్తం మా ఆవిడకి చూపించాను. మా ఫోటోగ్రాఫర్‌ని ల్యాప్‌టాప్ తీసుకుని రమ్మందాం అంది. ఫోన్ నన్నే చేయమంటోంది.